జెర్సీలో ఇల్లు, న్యూయార్క్‌లో ఆఫీసు, ఆగస్టు నుంచి టెక్సస్: స్టేట్ ట్యాక్స్ రిటర్న్‌లు ఎన్ని వేయాలి?

కొత్త_ఫ్రిస్కో:
అందరికీ నమస్కారం. ఫెడరల్ రిటర్న్ పోయిన వారం పంపేశాను, యాక్సెప్ట్ అయిందని మెయిల్ కూడా వచ్చింది. స్టేట్ దగ్గరే ఆగిపోయాను. మూడు రాత్రులుగా అదే పని, అయినా తెగడం లేదు.

విషయం ఇదీ. పోయిన ఏడాది జనవరి నుంచి జులై చివరి దాకా జెర్సీ సిటీలో అద్దెకున్నాం. ఆఫీసు మన్‌హాటన్‌లో, వారానికి మూడు రోజులు వెళ్లేవాణ్ణి, రెండు రోజులు ఇంట్లోంచే పని. ఆగస్టు 1న టెక్సస్‌లోని ఫ్రిస్కో వచ్చేశాం, ఇక్కడ వేరే కంపెనీలో చేరాను. మా ఆవిడ హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉంది, తనకు ఉద్యోగం లేదు, ఇద్దరం కలిపి జాయింట్‌గా వేస్తున్నాం.

పాత కంపెనీ ఇచ్చిన డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే ఫారం) కింది భాగం చూసి కంగారు పడ్డాను. స్టేట్ దగ్గర రెండు వరసలున్నాయి. మొదటి వరసలో న్యూయార్క్, బాక్స్ 16లో (స్టేట్ లెక్కలో జీతం) 77,000, బాక్స్ 17లో (కోసిన స్టేట్ పన్ను) 4,350. రెండో వరసలో న్యూజెర్సీ, బాక్స్ 16లో 80,200, బాక్స్ 17 ఖాళీ. నాకు ఏడు నెలల్లో వచ్చింది ఒక్క జీతమే కదా, ఇదేంటి రెండుసార్లు వేశారు? పైగా రెండు అంకెలూ ఒకటి కాదు. టెక్సస్ కంపెనీ డబ్ల్యూ-2లో 60,000 ఉంది, స్టేట్ బాక్సులన్నీ ఖాళీ. ఇవి కాక అక్టోబర్‌లో కొన్ని షేర్లు అమ్మితే 4,000 లాభం, ఇండియాలో ఎఫ్‌డీల మీద ఏడాదికి 1,800 డాలర్ల దాకా వడ్డీ.

సాఫ్ట్‌వేర్‌లో న్యూజెర్సీ మొదలుపెట్టి అన్నీ నింపితే 1,640 డాలర్లు కట్టమంటోంది. న్యూయార్క్‌కి ఆల్రెడీ 4,350 కోసేసుకున్నారు, మళ్లీ వీళ్లకెందుకు కట్టాలి? అసలు నేను ఎన్ని స్టేట్‌లకు వేయాలి, ఏది ముందు వేయాలి, ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

సాయంత్రం_షిఫ్ట్:
బ్రో, డిసెంబర్ 31న ఎక్కడున్నావో ఆ స్టేటే లెక్క అనుకుంటా. టెక్సస్‌లో ఇన్‌కం ట్యాక్స్ లేదు కదా, ఇక స్టేట్ రిటర్న్ అక్కర్లేదు. మా రూమ్మేట్ కూడా అలాగే వదిలేశాడు, ఏమీ కాలేదు.

పాత_జెర్సీ:
సాయంత్రం_షిఫ్ట్ గారూ, ఏమనుకోకండి, ఆ మాట విని ఎవరైనా వదిలేస్తే ఇబ్బందుల్లో పడతారు. ఏడాది చివర్న ఎక్కడున్నామన్నది చూడరు. ఏ నెలల్లో ఎక్కడ నివాసం ఉన్నాం, ఆ జీతం ఏ రాష్ట్రంలో పనిచేస్తే వచ్చింది, ఈ రెండే చూస్తారు.

తమ్ముడూ, నువ్వు వేయాల్సినవి రెండు. న్యూయార్క్‌కి నాన్‌రెసిడెంట్ (అక్కడ నివాసం లేనివాళ్ల) రిటర్న్, అది ఐటీ-203. న్యూజెర్సీకి పార్ట్ ఇయర్ రెసిడెంట్‌గా (ఏడాదిలో కొంతకాలమే నివాసమున్నవాడిగా) ఎన్‌జే-1040, అందులో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉన్నావో తేదీలు వేసే చోటు ఉంటుంది, జనవరి 1 నుంచి జులై 31 అని వేయి. టెక్సస్‌కి ఏమీ వేయక్కర్లేదు, వాళ్లకు వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు, 2019లో ఓటర్లు రాజ్యాంగ సవరణతో అసలు పెట్టడానికే వీల్లేకుండా చేశారు కూడా.

ఇక ఆ 1,640 సంగతి. నువ్వు న్యూజెర్సీ ముందు మొదలుపెట్టావు, చిక్కంతా అక్కడే. న్యూయార్క్ ముందు పూర్తి చేయాలి. ఎందుకంటే నీ జీతం మీద మొదటి హక్కు పనిచేసిన రాష్ట్రానిది, ఆ తర్వాత నివాసమున్న రాష్ట్రం మొత్తం ఆదాయం మీద పన్ను లెక్కగట్టి, పక్క రాష్ట్రానికి కట్టినదానికి క్రెడిట్, అంటే పన్నులో తగ్గింపు, ఇస్తుంది. న్యూజెర్సీలో ఆ క్రెడిట్ లెక్కేసే షెడ్యూల్ పేరు ఎన్‌జే-సీఓజే. న్యూయార్క్ పన్ను ఎంతో తేలకుండా ఆ షెడ్యూల్ నిండదు, అది నిండకపోతే పూర్తి పన్ను కట్టమనే చూపిస్తుంది. నీకు చూపించింది అదే.

ఇంకో మాట, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. సీఓజేలో వేయాల్సింది బాక్స్ 17లోని 4,350 కాదు. అది కంపెనీ అంచనాగా కోసింది మాత్రమే. ఐటీ-203 పూర్తయ్యాక న్యూయార్క్ పన్ను అని అసలు అంకె ఒకటి తేలుతుంది చూడు, అది వేయాలి. నీ లెక్కలో అది 4,350 కన్నా తక్కువే వస్తుందనుకుంటున్నా, మిగిలింది న్యూయార్క్ నుంచి రిఫండ్.

రెండు వరసలు చూసి భయపడకు. అదే జీతాన్ని రెండు రాష్ట్రాలకూ చూపించారంతే, కలపకూడదు. 80,200 ఎందుకొచ్చిందంటే, జీతంలోంచి హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం పన్నుకు ముందే కోస్తారు కదా, ఫెడరల్, న్యూయార్క్ రెండూ దాన్ని ఆదాయంలో కలపవు, న్యూజెర్సీ కలుపుతుంది. నీ డిసెంబర్ పేస్టబ్‌లో (జీతం చీటీలో), కాదు నువ్వు జులైలోనే మానేశావు కాబట్టి ఆ కంపెనీ చివరి పేస్టబ్‌లో, మెడికల్, డెంటల్ కోతలు కలిపి చూడు, ఈ 3,200 తేడా దాదాపు అక్కడ దొరుకుతుంది. ఆ ప్రీమియంను న్యూజెర్సీలో వైద్య ఖర్చుల కింద చూపించుకోవచ్చు, నీ న్యూజెర్సీ ఆదాయంలో 2 శాతం దాటిన భాగం తగ్గుతుంది. అది వదులుకోకు.

అద్దె కూడా వదలకు. కట్టిన అద్దెలో 18 శాతాన్ని న్యూజెర్సీ ప్రాపర్టీ ట్యాక్స్ కింద లెక్కేస్తుంది. నెలకు ఎంత కట్టావో నాకు తెలియదు కానీ, 2,600 అనుకుంటే ఏడు నెలలకు 18,200, అందులో 18 శాతం 3,276. దాన్ని డిడక్షన్‌గా తీసుకోవాలా లేక 50 డాలర్ల క్రెడిట్ తీసుకోవాలా అన్నది సాఫ్ట్‌వేరే పోల్చి చెప్తుంది. సీఓజే క్రెడిట్ ఉన్నవాళ్లకు ఒక్కోసారి 50 డాలర్లే మేలవుతుంది.

కొత్త_ఫ్రిస్కో:
అక్కా, చాలా థ్యాంక్స్. చివరి పేస్టబ్ తీసి చూశాను, మెడికల్ 2,870, డెంటల్, విజన్ కలిపి 330, సరిగ్గా 3,200! ఒక్కసారిగా గుండె తేలికపడింది. ఇంకా రెండు అనుమానాలున్నాయి. ఇంట్లోంచి పనిచేసిన ఆ రెండు రోజుల జీతం న్యూజెర్సీదే కదా, న్యూయార్క్‌కి ఎందుకివ్వాలి? లెక్కేస్తే 40 శాతం అవుతుంది. రెండోది, ఐటీ-203లో టెక్సస్ జీతం, షేర్ల లాభం కూడా వచ్చి కూర్చున్నాయి. నేను టెక్సస్ వచ్చాక సంపాదించిన దానికి న్యూయార్క్ పన్నేమిటి?

లెక్కల_మనిషి:
రెండో ప్రశ్నకు ముందు చెప్తాను. ఐటీ-203లో పక్కపక్కన రెండు కాలమ్‌లు ఉంటాయి. ఒకటి ఫెడరల్, ఒకటి న్యూయార్క్. ఫెడరల్ కాలమ్‌లో మీ ఏడాది ఆదాయమంతా రావాలి, 77,000, 60,000, 4,000, 1,800, మొత్తం 1,42,800. న్యూయార్క్ కాలమ్‌లో మాత్రం 77,000 ఒక్కటే. ముందు మొత్తం మీద పన్ను లెక్కగడతారు, తర్వాత 77,000ని 1,42,800తో భాగిస్తే వచ్చే నిష్పత్తితో, అంటే సుమారు 54 శాతంతో, దాన్ని గుణిస్తారు. టెక్సస్ జీతం మీద వాళ్లు పన్ను వేయడం లేదు, కానీ ఆ జీతం ఉండటం వల్ల మీ రేటు కాస్త పైకి జరుగుతుంది. నాన్‌రెసిడెంట్లకు చాలా రాష్ట్రాల్లో పద్ధతి ఇదే. మీరు చూసుకోవాల్సింది ఒక్కటే, న్యూయార్క్ కాలమ్‌లో 60,000 గానీ 4,000 గానీ పొరపాటున పడలేదు కదా అని. షేర్లు అమ్మినప్పుడు మీ నివాసం టెక్సస్, కాబట్టి ఆ లాభం న్యూయార్క్‌దీ కాదు, న్యూజెర్సీదీ కాదు.

న్యూజెర్సీ పద్ధతి వేరు. పార్ట్ ఇయర్ వాళ్లు అక్కడున్న రోజుల ఆదాయమే చూపిస్తారు. 80,200, దాంతోపాటు జులై దాకా వచ్చిన ఎఫ్‌డీ వడ్డీ ఒక వెయ్యి అనుకుందాం. అవును, ఇండియా వడ్డీ కూడా. ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన వేసుకునే ఖాతా) వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా ఇక్కడ ఫెడరల్‌కి చూపించాలి, న్యూజెర్సీకీ చూపించాలి. ఎన్‌ఆర్‌ఓ (ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునే ఖాతా) మీద అక్కడ టీడీఎస్ కోశారని ఫెడరల్‌లో ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకుంటాం కదా, న్యూజెర్సీ అది ఇవ్వదు, వాళ్ల సీఓజే అమెరికాలోని ఇతర రాష్ట్రాలకు, నగరాలకు కట్టిన పన్నులకే. మనవాళ్లు ఎక్కువమంది ఇది తెలియక వదిలేస్తారు. పర్సనల్ ఎగ్జెంప్షన్ (ఆదాయంలో పన్ను పడని భాగం) మనిషికి 1,000, అది కూడా పన్నెండులో ఏడు నెలలకే వస్తుంది.

ఇక వర్క్ ఫ్రమ్ హోమ్. మీ బాధ న్యాయమైనదే, నేనూ ఐదేళ్లు అలాగే కట్టాను. న్యూయార్క్‌లో ఒక రూల్ ఉంది, ఉద్యోగి తన సౌకర్యం కోసం వేరే రాష్ట్రంలోని ఇంట్లో పనిచేస్తే అది న్యూయార్క్‌లో పనిచేసిన రోజుగానే లెక్క. కంపెనీ అవసరం వల్ల అక్కడే చేయాల్సి వస్తేనే మినహాయింపు, ఆ అవసరాన్ని నిరూపించడం చాలా కష్టం. ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ అని కార్డోజో లా స్కూల్‌లో ప్రొఫెసర్, ఇల్లు కనెక్టికట్‌లో, కొన్ని రోజులు ఇంట్లోంచే పనిచేసేవారు. ఆయన కోర్టుకెళ్తే 2003లో న్యూయార్క్ అత్యున్నత కోర్టు కూడా రాష్ట్రం పక్షమే తీర్పిచ్చింది. పన్నుల చట్టం చెప్పే ప్రొఫెసరే గెలవలేదు. అందుకని 77,000 మొత్తం న్యూయార్క్‌లోనే చూపించండి. మీకు వచ్చే నష్టం తక్కువే, న్యూజెర్సీ ఆ రోజులకూ క్రెడిట్ ఇస్తుంది కనుక.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఆగస్టు తర్వాత కూడా మీరు అదే మన్‌హాటన్ కంపెనీకి ఫ్రిస్కో ఇంట్లోంచి పనిచేసి ఉంటే, ఇదే రూల్ టెక్సస్ జీతానికీ తగిలేది, క్రెడిట్ ఇవ్వడానికి టెక్సస్‌లో పన్నే లేదు కాబట్టి అదంతా చేతి నుంచి పోయేది. మీరు కంపెనీ మారారు, బతికిపోయారు.

మన్‌హాటన్‌లో పని అనగానే కొందరు సాఫ్ట్‌వేర్‌లో న్యూయార్క్ సిటీ ట్యాక్స్ కూడా టిక్ చేసేస్తారు. అది సిటీలో నివాసముండేవాళ్లకే. బయటి నుంచి వచ్చి పనిచేసేవాళ్ల మీదున్న సిటీ పన్ను 1999లోనే పోయింది. మీ డబ్ల్యూ-2లో బాక్స్ 19 (కోసిన సిటీ పన్ను) ఖాళీగా ఉంటే సరే, ఏమైనా కోసి ఉంటే ఐటీ-203లోనే వెనక్కి తీసుకోవచ్చు.

నోటీస్_అందినవాడు:
సాయంత్రం_షిఫ్ట్ రూమ్మేట్‌కి ఏమీ కాలేదన్నారు, ఇంకా కాలేదు అని చదువుకోండి. నాకు నాలుగో ఏడాది నోటీస్ వచ్చింది.

అప్పుడు నాది కూడా ఇలాంటి పరిస్థితే, ఇల్లు ఒక రాష్ట్రం, ఆఫీసు పక్క రాష్ట్రం. రిటర్న్ వేసిపెట్టిన మనిషి ఆఫీసున్న రాష్ట్రానికి మాత్రమే వేసి, పన్ను అక్కడ కోశారు కాబట్టి ఇంటి రాష్ట్రానికి అక్కర్లేదన్నాడు. నమ్మాను. మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. నాలుగేళ్ల తర్వాత ఇల్లు మారి, మెయిల్ ఫార్వర్డ్ అయి, ఒక కవరు వచ్చింది. విప్పితే, నా జీతం మొత్తం మీద పన్ను, దాని మీద వడ్డీ, ఫైల్ చేయనందుకు పెనాల్టీ. ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) దగ్గరున్న వివరాలు రాష్ట్రాలకు అందుతాయి, చిరునామా వాళ్ల రాష్ట్రంలో ఉండి రిటర్న్ రాలేదంటే పట్టేస్తారు. వాళ్లకు నా జీతం కనిపించింది కానీ, పక్క రాష్ట్రానికి నేను కట్టినది కనిపించలేదు, ఎందుకంటే క్రెడిట్ అడగాల్సింది మనం, రిటర్న్ వేస్తేనే అడిగినట్టు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, గ్రీన్‌కార్డ్ ఫైల్‌కి ఏమైనా అవుతుందేమోనని ఒకటే టెన్షన్.

పాత డబ్ల్యూ-2, పక్క రాష్ట్రం రిటర్న్ కాపీ, అవన్నీ వెతికి ఆ ఏడాది రిటర్న్ ఇప్పుడు వేస్తే, అసలు పన్ను దాదాపు మొత్తం క్రెడిట్‌లో పోయింది. వడ్డీ, పెనాల్టీ కొంత మిగిలింది, కట్టేశాను. కానీ దానికి పట్టింది ఐదు నెలలు. రిటర్న్ అసలు వేయకపోతే ఇన్నేళ్ల తర్వాత అడగకూడదు అన్న గడువు కూడా వాళ్లకు మొదలవదు. అదే మనకు రావాల్సిన రిఫండ్‌కైతే న్యూయార్క్‌లో మామూలుగా మూడేళ్లే.

అప్పుడు రిటర్న్ వేసిన మనిషి దాని మీద సంతకం చేయలేదు, పీటిన్ (డబ్బు తీసుకుని రిటర్న్‌లు వేసేవాళ్లకు ఐఆర్‌ఎస్ ఇచ్చే నంబర్) వేయలేదు, సెల్ఫ్ ప్రిపేర్డ్ అని వదిలేశాడు. నాకు అప్పుడు తెలియలేదు. డబ్బు తీసుకుని రిటర్న్ వేసేవాళ్లెవరైనా తమ పీటిన్ నంబర్ వేసి సంతకం చేయాలి, అది లేకపోతే పంపొద్దనండి. రిఫండ్‌లో ఇంత శాతం అని ఫీజు అడిగేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లొద్దు.

కొత్త_ఫ్రిస్కో గారూ, మీరు రాష్ట్రం మారిన తేదీకి సాక్ష్యాలు ఇప్పుడే ఒక ఫోల్డర్‌లో వేసుకోండి. జెర్సీ సిటీ లీజు ముగిసినట్టు లెటర్, సామాన్ల ట్రక్కు బిల్లు, కరెంటు కనెక్షన్ తీసేసిన మెయిల్, టెక్సస్ డ్రైవింగ్ లైసెన్స్ మీది ఇద్దరిదీ. నా నోటీస్ అప్పుడు ఇవే అడిగారు, సగం దొరకలేదు.

ఓపీటీ_ఫిల్లీ:
థ్రెడ్ మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీద చేసే ఉద్యోగం) మీద ఉన్నాను, ఏడాది పొడవునా న్యూజెర్సీలోని చెర్రీ హిల్‌లో ఉంటూ ఫిలడెల్ఫియాలో పనిచేశాను. డబ్ల్యూ-2లో పెన్సిల్వేనియా అని 3.07 శాతం కోశారు, కింద ఫిలడెల్ఫియా అని ఇంకోటి కోశారు. నేనూ పైన చెప్పినట్టే పెన్సిల్వేనియా ముందు వేసి న్యూజెర్సీలో క్రెడిట్ తీసుకోవాలా? 1040-ఎన్‌ఆర్‌లో (నాన్‌రెసిడెంట్ల ఫెడరల్ రిటర్న్) ఇండియా-అమెరికా పన్ను ట్రీటీ ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్నాను, అది స్టేట్‌లో కూడా వస్తుందా?

పాత_జెర్సీ:
బాబూ, నీది వేరు, పైన చెప్పినది నీకు వర్తించదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల మధ్య 1977 నుంచి ఒప్పందం ఉంది, జీతం మీద నివాసమున్న రాష్ట్రానికే పన్ను. 2016లో దాన్ని రద్దు చేస్తామని న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ ప్రకటించి, తర్వాత వెనక్కి తగ్గారు, ఇప్పటికీ నడుస్తోంది. అందుకని నీ దగ్గర పెన్సిల్వేనియా కోసిందే పొరపాటు. పీఏ-40 (పెన్సిల్వేనియా రిటర్న్) వేసి, జీతం దగ్గర సున్నా చూపించి, కోసినదంతా వెనక్కి అడగాలి, న్యూజెర్సీ రిటర్న్ కాపీ జతచేయాలి. న్యూజెర్సీకి మాత్రం పూర్తి పన్ను కట్టాలి, పెన్సిల్వేనియాకి కట్టినదానికి అక్కడ క్రెడిట్ తీసుకోకూడదు. రిఫండ్ వచ్చేలోపు న్యూజెర్సీకి కట్టాల్సి రావచ్చు, డబ్బు చేతిలో పెట్టుకో. రేపే మీ హెచ్‌ఆర్‌కి పెన్సిల్వేనియా పన్ను కోయొద్దని చెప్పే రెవ్-419 ఫారం ఇవ్వు, ఈ ఏడాది నుంచైనా న్యూజెర్సీకి కోస్తారు.

ఫిలడెల్ఫియా వేజ్ ట్యాక్స్ ఆ ఒప్పందంలో లేదు. అది కట్టాల్సిందే, కానీ దానికి న్యూజెర్సీ సీఓజేలో క్రెడిట్ ఇస్తుంది. కంపెనీయే నిన్ను కొన్ని రోజులు సిటీ బయట పనిచేయమని ఉంటే ఆ రోజులకు సిటీ దగ్గర రిఫండ్ అడగొచ్చు, కంపెనీ లెటర్ కావాలి. ట్రీటీ సంగతి, న్యూజెర్సీలోనూ పెన్సిల్వేనియాలోనూ స్టాండర్డ్ డిడక్షన్ అనేదే లేదు, కాబట్టి ఆ ప్రశ్న రాదు.

కొత్త_ఫ్రిస్కో:
నిన్న రాత్రి కూర్చుని మొత్తం మళ్లీ చేశాను. న్యూజెర్సీ తీసేసి, న్యూయార్క్‌ని నాన్‌రెసిడెంట్‌గా ముందు పూర్తి చేశాను. మొదట పార్ట్ ఇయర్ రెసిడెంట్ అని టిక్ పెట్టి ఉంది, అది ఇప్పుడు కనిపించింది. న్యూయార్క్ కాలమ్‌లో 77,000 ఒక్కటే ఉండేలా చూసుకున్నాను. పన్ను 3,700 దగ్గర తేలింది, ఆరువందల పైచిలుకు రిఫండ్. తర్వాత న్యూజెర్సీ తెరిచి సీఓజేలో ఆ అంకె వేయగానే 1,640 కాస్తా డెబ్భై డాలర్లలోపుకి వచ్చింది. మా ఆవిడ పక్కనే కూర్చుని చూస్తోంది, ఇద్దరికీ ఒకేసారి ఊపిరొచ్చింది. ఆ డెబ్భై ఎందుకా అని చూస్తే లెక్కల_మనిషి గారు చెప్పిన ఎఫ్‌డీ వడ్డీ, న్యూయార్క్ పన్ను వేయని ప్రీమియం భాగం, అంతే. సంతోషంగా కడతాను.

ఇంకా పంపలేదు, జులై దాకా వడ్డీ ఎంతో బ్యాంకు స్టేట్‌మెంట్ నాన్నగారిని అడిగాను, ఆదివారం పంపిస్తానన్నారు. అది రాగానే రెండూ ఈఫైల్ చేస్తాను. ఒకవేళ ఆలస్యమైతే ఎక్స్‌టెన్షన్ పెట్టొచ్చా?

లెక్కల_మనిషి:
పెట్టొచ్చు, కానీ అది కాగితాలకే, డబ్బుకు కాదు. రెండు రాష్ట్రాలకూ కట్టాల్సింది ఏప్రిల్ 15కే కట్టాలి, న్యూజెర్సీలోనైతే కనీసం 80 శాతం ఆ తేదీకి చెల్లించి ఉంటేనే ఎక్స్‌టెన్షన్ చెల్లుతుంది. మీది డెబ్భై డాలర్లు, ఆ గొడవ ఎందుకు, ఆదివారం స్టేట్‌మెంట్ రాగానే పంపేయండి. పంపాక రెండు రిటర్న్‌ల పీడీఎఫ్‌లు, యాక్సెప్ట్ అయిన మెయిల్స్ ఆ ఫోల్డర్‌లోనే పెట్టండి, ట్రక్కు బిల్లు పక్కన.